చుక్కల వెనక ఏ అక్షరముందో!

(కంప్యూటర్ పాఠం)

ఈ నెల మన గోడ పత్రికలో కంప్యూటర్ శీర్షిక రాసే వంతు నాకు వచ్చింది. పుస్తకంలో ఉన్నది మళ్ళీ రాస్తే ఎవరూ చదవరు. అందుకని మా అక్కకు హైదరాబాదులో జరిగిన సంగతి చెప్పి, అందులోంచి పాఠం చెప్తాను.

పోయిన వేసవి సెలవుల్లో అక్క ఒక సర్టిఫికెట్ కోసం హైదరాబాదు పోతూ నన్ను కూడా తోడు తీసుకుపోయింది. ఇమ్లీబన్ బస్టాండులో దిగి మెట్రో రైలు ఎక్కితే మూడో స్టేషన్ నాంపల్లి. మా చిన్నాన్న అబిడ్స్‌లో ఒక బట్టల కొట్టుకు వాచ్‌మన్. ఆయన గదిలోనే ఉన్నాం. అబిడ్స్, నాంపల్లి వీధుల్లో బోర్డులు చూస్తే ఒకే దుకాణం పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది. 1949లో మొదలైన సియాసత్ అనే ఉర్దూ దినపత్రిక ఆఫీసు కూడా అబిడ్స్‌లోనే ఉంది. 2017లో ఉర్దూను మన రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేశారు. బోర్డులు ఎట్లానో అక్కడి కంప్యూటర్లూ అట్లానే. ఒకే కీబోర్డు మీద మూడు భాషలు.

అక్క పీజీ ప్రవేశ పరీక్షకు ఫీజు ఊళ్ళోనే ఫోనులో కట్టింది. ఫోటో, సంతకం పెట్టి ఫారం పంపడం ఒక్కటే మిగిలింది. మర్నాడు సాయంత్రం 5 గంటలకు గడువు. నాంపల్లిలో ఒక గల్లీలో ఇంటర్నెట్ సెంటర్ కనపడితే పోయి కూర్చున్నాం.

అక్క పాస్‌వర్డ్ కొట్టింది. డబ్బాలో నల్ల చుక్కలు పడ్డాయి. "తప్పు" అని వచ్చింది. మెల్లగా ఒక్కో మీట చూసి నొక్కింది. మళ్ళీ తప్పు. "నేను మర్చిపోయిన్నా ఏంది?" అని భయపడి మూడోసారీ కొట్టింది. ఖాతా మూతపడింది. 24 గంటల తర్వాత ప్రయత్నించండి అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అప్పుడు టైం సాయంత్రం 4 దాటి పది నిమిషాలు. అంటే రేపు గడువుకు మాకు మిగిలేది యాభై నిమిషాలే. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్.

పక్క కంప్యూటర్ మీద కోర్టు అర్జీలు టైపు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. "ఏమైంది బిడ్డా?" అని లేచి వచ్చి తెర కింద కుడి మూలకు చూశాడు. "నీ యాది మంచిగనే ఉంది. నీ పాస్‌వర్డ్ కూడా మంచిదే. కీబోర్డే తెలుగుల ఉంది. పొద్దున ఈడ నేనే తెలుగు అర్జీ కొట్టిన, తిరిగి మార్చుడు మర్చిన. తప్పు నాది" అన్నాడు.

ఆయన మాకు చెప్పిందీ, తర్వాత మన కంప్యూటర్ సారును అడిగి నేను తెలుసుకున్నదీ ఇదే:

మీట మీద అచ్చు వేసిన అక్షరం మన కోసం. కంప్యూటర్ దాన్ని చదవదు. ఫలానా మీట నొక్కారు అని మాత్రమే దానికి తెలుస్తుంది. దాన్ని ఏ అక్షరంగా తీసుకోవాలో ఆ సమయంలో ఎంచుకుని ఉన్న భాష అమరిక చెబుతుంది. మన ల్యాబులో విండోస్‌తో వచ్చే తెలుగు అమరిక పేరు ఇన్‌స్క్రిప్ట్. ఇందులో కె మీట నొక్కితే క వస్తుంది. అది బాగానే ఉంది. కానీ జె నొక్కితే ర, హెచ్ నొక్కితే ప, ఎల్ నొక్కితే త, ఐ నొక్కితే గ వస్తాయి.

ఉదాహరణకు పాస్‌వర్డ్ "కిన్నెర" అనుకుందాం. (ఇది ఉదాహరణకే. ఎవరూ పెట్టుకోకండి!) ఇంగ్లీషు స్పెల్లింగులో దీనికి ఏడు మీటలు నొక్కుతాం. తెలుగు అమరిక ఉన్నప్పుడు అవే ఏడు మీటలు నొక్కితే "కగలలా" అని వచ్చి, దాని వెనక ఒక గుడి దీర్ఘం, ఒక ఓత్వం వేలాడతాయి. మామూలు డబ్బాలో అయితే చూసి నవ్వుకుని చెరిపేస్తాం. పాస్‌వర్డ్ డబ్బాలో మాత్రం అన్నీ చుక్కలే. ఏడు చుక్కలు పడితే సరిగ్గానే కొట్టామనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. 1 నుంచి 9 వరకు, సున్నా మీటలు తెలుగు అమరికలోనూ మామూలు అంకెలే ఇస్తాయి. అందుకే అంకెల పిన్ పనిచేస్తుంది, అక్షరాల పాస్‌వర్డ్ పనిచేయదు. అప్పుడు "కీబోర్డు బాగానే ఉంది, నా బుర్రే బాగాలేదు" అనుకుంటాం.

మరి కంప్యూటర్‌కు ఆ మాత్రం తెలియదా అంటారా? తెలియదు. దానికి ప్రతి అక్షరం ఒక సంఖ్య. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే పద్ధతిని యూనికోడ్ అంటారు. దాని మొదటి కూర్పు 1991లో వచ్చింది, అందులోనే మన తెలుగు ఉంది. ఇంగ్లీషు చిన్న కె సంఖ్య 107. తెలుగు క సంఖ్య 3093. మీట ఒక్కటే, సంఖ్యలు వేరు.

పైగా, పద్ధతిగా కట్టిన వెబ్‌సైట్ మన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోదు. దాన్ని లెక్కలో వేసి మరో సంఖ్యగా మార్చి ఆ సంఖ్యనే ఉంచుకుంటుంది. దీన్ని హాష్ అంటారు. జొన్నలు విసిరి పిండి చేసినట్టన్నమాట. పిండిని మళ్ళీ గింజలుగా చేయలేం. మనం కొత్తగా కొట్టిన పాస్‌వర్డ్‌ను కూడా విసిరి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తుంది. ఒక్క అక్షరం మారినా పూర్తిగా వేరే పిండి వస్తుంది. అందుకే "కొంచెం తప్పింది, భాష మార్చి చూడమ్మా" అని అది చెప్పలేదు. "తప్పు" అని ఒక్క మాటే అంటుంది.

ఇక మనం పాటించాల్సినవి:

1. పాస్‌వర్డ్ కొట్టే ముందు తెర కింద కుడి మూల భాష గుర్తు చూడాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే లాగిన్ తెర మీద కూడా ఆ గుర్తు ఉంటుంది.

2. భాష మార్చాలంటే విండోస్ మీట పట్టుకుని స్పేస్ బార్ నొక్కాలి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కినా మారేటట్టు చాలా కంప్యూటర్లలో ఉంటుంది. మూడు భాషలుంటే ఒకసారి నొక్కగానే ఇంగ్లీషు రాకపోవచ్చు, ఉర్దూ రావచ్చు. ఏది వచ్చిందో చూసి వదలాలి. ఫోనులో అయితే భూగోళం బొమ్మ నొక్కాలి.

3. అనుమానం ఉంటే పేరు రాసే డబ్బాలో ఏవో రెండక్షరాలు కొట్టి చూసి చెరిపేయాలి. పాస్‌వర్డ్ మొత్తం అక్కడ కొట్టకూడదు. వెనకాల ఎవరైనా చూస్తారు.

4. ఒకసారి తప్పు వస్తే చేతులు తీసేయాలి. భాష, క్యాప్స్ లాక్ రెండూ చూసి గానీ రెండోసారి కొట్టకూడదు. అక్క చేసిన పొరపాటు ఇదే, తొందర.

5. కొత్త పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త. రెండోసారి కొట్టమనే డబ్బా మనల్ని కాపాడదు. తెలుగు అమరికలో రెండుసార్లూ ఒకే తప్పు కొడితే రెండూ కలుస్తాయి! తర్వాత ఇంగ్లీషులో కొడితే తెరుచుకోదు.

6. తెలుగులో టైపు చేసి లేచేటప్పుడు భాషను తిరిగి ఇంగ్లీషుకు మార్చి లేవాలి. మన తర్వాత కూర్చునేవాళ్ళకు ఏం పని ఉందో మనకు తెలియదు.

ఈ ఆరోది అన్నిటికంటే ముఖ్యం అంటాను. మన ల్యాబులో ఒక్కో కంప్యూటర్‌ను ఎంతోమందిమి వాడతాం. వార్డెన్ గారు మన స్కాలర్‌షిప్ వివరాలు ఎక్కించేదీ అక్కడే. ఒకరి మరపు ఇంకొకరి ఫారానికి అడ్డం పడకూడదు.

తెలుగు అమరిక వల్లనే కదా ఇంత గొడవ, అది తీసేస్తే పోలా అని మా క్లాసులో ఒకరన్నారు. నేనొప్పుకోను. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి గోండి లిపికి కూడా 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. రేపు మన ల్యాబులో ఆ లిపి కూడా టైపు చేస్తాం. భాషలు పెరగాలి, మూలకు చూసే అలవాటూ పెరగాలి.

అక్క ఫారం ఏమైందని అడుగుతున్నారా? మర్నాడు మూడున్నరకే పోయి అదే సెంటర్లో కూర్చున్నాం. పెద్దాయన తన పని ఆపి మా పక్కనే నిలబడ్డాడు. 4 దాటి పది నిమిషాలైంది. అక్క ముందు మూలకు చూసింది. తర్వాత కొట్టింది. తెరుచుకుంది. 4:35కి ఫారం పోయింది. రసీదు కాగితం చేతికొచ్చాక ఆ పెద్దాయన టైపు మిషన్ రోజులనాటి తన కథలు చెప్పాడు. అవి ఇంకోసారి రాస్తాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని