మొరాయించే పాత కారు: ఇంజిన్ లోపాన్ని కనిపెట్టడం ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని ఈ ఊరి మీదుగా వేసింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రం. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైల్వే కొలువులకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో ఉన్నాయి. ఇలాంటి ఊళ్లలో పెరిగిన పాతతరం వారికి ఒక దృశ్యం బాగా గుర్తుంటుంది. స్టేషన్‌లో బండి ఆగగానే ఒక ఉద్యోగి పొడవాటి పిడి ఉన్న సుత్తితో చక్రాలను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వెళ్లేవాడు. బాగున్న చక్రం గంటలా ఖంగుమంటుంది. పగులున్న చక్రం మూగగా పలుకుతుంది. చక్రాన్ని విప్పకుండానే, శబ్దాన్ని బట్టి లోపలి లోపాన్ని తెలుసుకునే పద్ధతి అది.

మొరాయించే పాత కారు ఇంజిన్ విషయంలోనూ సూత్రం ఇదే. ముందు లక్షణాన్ని గమనించాలి, దానికి కారణాన్ని ఊహించాలి, ఆ ఊహను చిన్న పరీక్షతో తేల్చుకోవాలి, ఆ తర్వాతే పానా పట్టాలి. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. ముందు కార్బరేటర్ విప్పుతారు, తర్వాత పంపు మారుస్తారు, చివరికి ఇంజిన్నే మార్చేద్దామంటారు.

ఇంజిన్ మార్చడం వల్ల పోయేది డబ్బొక్కటే కాదు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని ‘వింటేజ్’ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అయితే అది అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే కొద్దిపాటి ఖర్చుతో పోయే కండెన్సర్ లోపాన్ని ఇంజిన్ లోపంగా పొరబడి దాని స్థానంలో వేరే ఇంజిన్ బిగిస్తే, ఆ కారు తన చరిత్రతో పాటు ఆ గుర్తింపునూ కోల్పోవచ్చు.

ఇంజిన్‌కు కావలసినవి మూడే

మన దేశంలో పాత కారు అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరి నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో దీన్ని తయారు చేసింది. చాలాకాలం ఇందులో వాడిన పెట్రోలు ఇంజిన్ సామర్థ్యం 1489 సీసీ. సిలిండర్లు నాలుగు. ఒక్కో సిలిండర్ వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 88.9 మిల్లీమీటర్లు. ఈ కొలతలతో ఒక సిలిండర్ ఘనపరిమాణాన్ని లెక్కగట్టి నాలుగుతో గుణిస్తే 1489 వస్తుంది.

ఈ ఇంజిన్‌లో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. కాబట్టి లోపం ఏమిటో చెప్పే కోడ్ కూడా రాదు. అయితే పనిచేయడానికి ఇంజిన్ కోరేవి మూడే: సరైన పాళ్లలో గాలి, పెట్రోలు మిశ్రమం, ఆ మిశ్రమాన్ని బిగువుగా నొక్కే ఒత్తిడి, అంటే కంప్రెషన్, సరైన క్షణంలో నిప్పురవ్వ. ఇంజిన్ స్టార్ట్ కాలేదంటే చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించినట్టే.

మిశ్రమం సంగతి చూద్దాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చెప్పాలంటే లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. ఇక నిప్పురవ్వ సంగతి. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరిగితే, సెకనుకు 100 సార్లు నిప్పురవ్వ పుట్టాలి. ఆ పని చేయించేది డిస్ట్రిబ్యూటర్‌లోని ఒక చిన్న జత పాయింట్లు. వాటి మధ్య ఖాళీ 0.38 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండాలి. పాయింట్లు అరిగినా, వాటిపై మసి పట్టినా ఆ లెక్క తప్పుతుంది.

మే నెల మధ్యాహ్నం, రైల్వే గేటు దగ్గర

బిలాస్‌పూర్‌లో వేసవి ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. అలాంటి ఒక మధ్యాహ్నం పాత అంబాసిడర్ ఒకటి రైల్వే గేటు దగ్గర ఆగిందనుకుందాం. గూడ్సు బండి వెళ్లేసరికి పది నిమిషాలు పట్టింది. అంతవరకు ఇంజిన్ ఆపి ఉంచారు. గేటు తీశాక సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. నలుగురూ కలిసి పక్కకు తోశారు. గంట తర్వాత ఏమీ చేయకుండానే స్టార్ట్ అయింది. మర్నాడు మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తే అక్కడ శుభ్రంగా నడిచింది.

వేడెక్కినప్పుడు వచ్చి, చల్లబడితే పోయే ఇలాంటి లోపానికి ముఖ్యంగా ఇద్దరు అనుమానితులు.

మొదటిది వేపర్ లాక్. పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులోని తేలిక భాగాలు 35-40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలవుతుంది. ఇంజిన్ తిరుగుతున్నంత సేపు ఫ్యాను గాలి, రేడియేటర్ నీరు వేడిని బయటకు మోసుకెళ్తాయి. ఇంజిన్ ఆపగానే రెండూ ఆగిపోతాయి. ఇనుప దిమ్మెలో నిలిచిన వేడి చుట్టూ ఉన్న భాగాలకు పాకుతుంది. అందుకే ఆపిన తర్వాత కొన్ని నిమిషాల పాటు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. ఇంజిన్ పక్కన బిగించిన పెట్రోలు పంపులో, గొట్టంలో ఉన్న పెట్రోలు ఆవిరి బుడగలుగా మారుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు కానీ, నొక్కితే కుంచించుకుపోయే ఆవిరిని సరిగా లాగలేదు. పైగా పంపు పీల్చేవైపు ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అక్కడ పెట్రోలు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది.

రెండోది ఇగ్నిషన్ కాయిల్ లేదా కండెన్సర్. కాయిల్ 12 వోల్టులను వేల వోల్టులకు పెంచుతుంది. పాయింట్లు విడిపోయినప్పుడు కాయిల్‌లో ప్రవాహం ఎంత హఠాత్తుగా ఆగితే అంత ఎక్కువ వోల్టేజి పుడుతుంది. ఆ హఠాత్తుదనాన్ని ఇచ్చేది సుమారు 0.2 మైక్రోఫారడ్ల చిన్న కండెన్సర్. అది దెబ్బతింటే ప్రవాహం పాయింట్ల మధ్య మెరుపుగా దూకుతూ నెమ్మదిగా ఆగుతుంది. ప్లగ్గు దగ్గర రవ్వ బలహీనపడుతుంది. పాత కాయిల్, కండెన్సర్ లోపలి ఇన్సులేషన్ కొన్నిసార్లు వేడిలోనే విఫలమై, చల్లబడగానే మళ్లీ పనిచేస్తుంది.

పైకి రెండింటి లక్షణాలూ ఒకటే. మరి తేల్చేదెలా? లోపం ఉన్నప్పుడే పరీక్షించాలి. మర్నాడు చల్లని షెడ్డులో చేసిన పరీక్ష వల్ల తేలేది ఏమీ ఉండదు.

ఒక ప్లగ్గు తీగకు స్పార్క్ టెస్టర్ తగిలించి సెల్ఫ్ కొట్టించాలి. నీలంగా, చురుగ్గా రవ్వ వస్తే ఇగ్నిషన్‌పై అనుమానం చాలావరకు తీరినట్టే. పెట్రోలు వైపు చూడాలి. రవ్వ లేకపోయినా, పసుపుపచ్చగా నీరసంగా ఉన్నా కాయిల్, కండెన్సర్, పాయింట్లను చూడాలి. పెట్రోలు కారుతున్నచోట గానీ, దాని వాసన గట్టిగా వస్తున్నచోట గానీ ఈ పరీక్ష చేయకూడదు.

తడిగుడ్డ పరీక్ష

పాత డ్రైవర్లు ఇలాంటప్పుడు తడిగుడ్డ వేసేవారు. అది మంచి చిట్కానే. కానీ గుడ్డ ఎక్కడ వేశారన్నది ముఖ్యం. పంపు మీద, కాయిల్ మీద ఒకేసారి వేస్తే కారు కదలవచ్చు గానీ, కారణం మాత్రం తెలియదు. ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలన్నది ప్రయోగశాలలో మొదటి నియమం. ముందు పంపు మీద మాత్రమే తడిగుడ్డ వేసి రెండు మూడు నిమిషాలు ఆగాలి. వెంటనే స్టార్ట్ అయితే వేపర్ లాక్ అనే ఊహ బలపడుతుంది. మరో రోజు అదే స్థితిలో గుడ్డ వేయకుండా అంతే సేపు వేచి చూసినా స్టార్ట్ కాకపోతే, చల్లబరచడమే పనిచేసిందని నమ్మకం కుదురుతుంది. వేడి ఇంజిన్ మీద నీళ్లు కుమ్మరిస్తే పోత ఇనుము పగలవచ్చు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయడం ఇంకా ప్రమాదం.

వేపర్ లాక్ అని తేలితే మందు సులభం. గొట్టాన్ని సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా జరపడం, మధ్యలో వేడిని ఆపే రేకు పెట్టడం, ఫ్యాను బెల్టు బిగువు, రేడియేటర్ శుభ్రత చూడడం. ఇంజిన్ విప్పే పనే లేదు.

విప్పకుండా లోపలికి చూడడం

కారు ఎప్పుడూ నీరసంగా లాగుతుంటే, మిస్సింగ్ వస్తుంటే కంప్రెషన్ చూడాలి. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ పనిచేయకుండా చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ బిగించి సెల్ఫ్ కొట్టాలి. ఇక్కడ అంకె ఎంత అన్నదానికంటే నాలుగింటి మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. తేడా 10-15 శాతం లోపు ఉంటే పెద్దగా బెంగ లేదు.

ఉదాహరణకు నాలుగు సిలిండర్లలో వరుసగా 120, 118, 116, 80 పౌన్లు వచ్చాయనుకుందాం. నాలుగోదానిలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఆయిల్ పిస్టన్ రింగుల చుట్టూ ఉన్న సందును కాసేపు మూస్తుంది. అంకె 110కి పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. 80 దగ్గరే ఉంటే రింగులది తప్పు కాదు. వాల్వుల నుంచి ఒత్తిడి జారిపోతూ ఉండవచ్చు. అలా కాక పక్కపక్కనే ఉన్న మూడు, నాలుగు రెండూ ఒకేలా తగ్గి, ఆయిల్‌కు స్పందించకపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ. చెంచాడు ఆయిల్‌తో అనవసరపు రీబోరింగ్ ఖర్చు తప్పుతుంది.

తీసిన ప్లగ్గులూ కథ చెబుతాయి. కొన లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లగా మాడినట్టుంటే మిశ్రమం పలుచబడిందో, వేడి ఎక్కువైందో చూడాలి. జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. పొగకూ ఇదే లెక్క: నల్లపొగ పెట్రోలుకు, నీలిపొగ ఆయిల్‌కు, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ నీటికి గుర్తు. చలికాలం ఉదయం స్టార్ట్ చేయగానే వచ్చే తెల్లటి ఆవిరి మాత్రం సహజమే.

వ్యాక్యూమ్ గేజ్ వాడేవారు ఊరి ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పుస్తకాల్లోని అంకెలు సముద్ర మట్టానికి సంబంధించినవి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు రీడింగ్ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. బిలాస్‌పూర్ 250 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. కాబట్టి విశాఖలో 19 అంగుళాలు చూపే ఇంజిన్ ఇక్కడ 18 చూపితే అది లోపం కాదు.

కారు మారలేదు, పెట్రోలు మారింది

పాత పుస్తకాల్లో కనిపించని కారణాలు రెండు ఉన్నాయి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఆరోగ్యరీత్యా అది మంచి నిర్ణయం. కానీ పాత ఇంజిన్లలో ఆ సీసం వాల్వులు కూర్చునే ఇనుప సీట్లపై పొరగా ఏర్పడి అరుగుదలను తగ్గించేది. అది లేకపోతే, ఎక్కువ వేగంతో ఎక్కువ దూరం నడిచే కార్లలో సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. అప్పుడు టాపెట్ ఖాళీ తగ్గిపోతుంది. విచిత్రమేమిటంటే, టాపెట్ల చప్పుడు కూడా తగ్గుతుంది. ఇంజిన్ నిశ్శబ్దమైందని సంతోషిస్తుండగానే వాల్వు మూసుకోక కాలిపోవచ్చు. చప్పుడు తగ్గడం కూడా ఒక లక్షణమే. ఫీలర్ గేజ్‌తో ఖాళీని అప్పుడప్పుడు కొలిచి తేదీతో రాసిపెట్టుకుంటే ఈ మార్పు ముందే తెలుస్తుంది.

రెండోది ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. అందువల్ల 20 శాతం మిశ్రమానికి కావలసిన గాలి 13.5 కిలోలకు తగ్గుతుంది. కొత్త కార్లలో సెన్సర్ దీన్ని గుర్తించి పెట్రోలు పెంచుతుంది. పాత కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. ఫలితంగా మిశ్రమం దాదాపు 8 శాతం పలుచబడుతుంది. ప్లగ్గు తెల్లబడితే, ఉదయం స్టార్టింగ్ కష్టమైతే ఈ కోణమూ చూడాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉంటే నీరు అడుగుకు చేరవచ్చు. పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రమ్‌ను అది ఉబ్బించి పాడుచేస్తుంది. వేడి ఇంజిన్ పక్కన పెట్రోలు కారితే అది కారు మొత్తాన్నీ తగలబెట్టే ప్రమాదం. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించడం, బానెట్ ఎత్తినప్పుడల్లా తడి మరకలు చూడడం, కారులో మంటలార్పే సిలిండర్ ఉంచుకోవడం తప్పనిసరి.

నోటు పుస్తకం

లోపం వచ్చిన రోజు, ఎండ తీవ్రత, ఎంత దూరం నడిచింది, ఏ పరీక్ష చేస్తే ఏం కనిపించింది, ఏం మార్చారు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోవాలి. అంబాసిడర్ పాయింట్లను చెవితోనే సరిచేయగల మెకానిక్‌లు తగ్గిపోతున్నారు. వారి నేర్పు వారితోనే పోకుండా ఉండాలంటే అది కాగితం మీదికి రావాలి. చక్రాన్ని సుత్తితో తట్టిన రైల్వే ఉద్యోగి చెవి వెనక వేల చక్రాల అనుభవం ఉంది. ఒక్క కారు మాత్రమే ఉన్న యజమానికి ఆ అనుభవాన్ని ఇవ్వగలిగేది శ్రద్ధగా రాసుకున్న పుస్తకమే.