చెక్కు వెనుక వ్రాతకు పూచీ: సంఘమునకు ముప్పు

సహకార సంఘముల సభ్యులలో పెక్కుమంది ధాన్యము, ప్రత్తి, మిరప అమ్మిన సొమ్మును నేడు చెక్కులుగా పుచ్చుకొనుచున్నారు. చెక్కు ముఖమున నేమి వ్రాసియున్నదో చదువువారు గలరు గాని, వెనుకకు త్రిప్పి చూచువారు తక్కువ. సంఘ బ్యాంకులకు నష్టము వచ్చు త్రోవలలో నొకటి యా వెనుకప్రక్కనే యున్నది. కావున ఈ మాసమున దానినే పాఠముగా వివరించుచున్నాము.

ఎండార్సుమెంటు అననేమి?

రామయ్యకు గాని ఆతని ఆర్డరుకు గాని చెల్లింపవలసినదని వ్రాసిన చెక్కును రామయ్య మఱియొకరికి బదిలీ చేయగోరినచో, దాని వెనుక చేవ్రాలు చేసి యిచ్చును. ఈ వెనుక వ్రాతకే ఎండార్సుమెంటని పేరు. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము దీనికి ఆధారము. రామయ్య పేరు ఇతరుడు దొంగతనముగా వ్రాసినచో, ఆ వ్రాతవలన నెవరికిని హక్కు కలుగదు. దొంగిలించిన యెద్దును సంతలో కొన్నవాడు రొక్కమిచ్చినను యజమాని కాజాలడు గదా!

పూచీ యననేమి?

వర్తకులు తమ కొట్టునకు వచ్చిన చెక్కులను కట్టగా దెచ్చి తమ ఖాతాలో జమకట్టుమందురు. కొన్నింటి వెనుక కంపెనీ పేర గుమాస్తా చేవ్రాలుండును; కొన్నింట పేరులో నక్షరభేదముండును. అట్టివానిని చెల్లింపవలసిన బ్యాంకు త్రిప్పి పంపవచ్చును. అట్లు రాకుండుటకై వసూలుచేయు బ్యాంకు "ఎండార్సుమెంట్లకు మాది పూచీ" యని ముద్ర వేయుట కలదు. సంతలో "ఈ యెద్దు వీనిదే, తేడా వచ్చిన నేను చూచుకొందును" అని మధ్యవర్తి మాట యిచ్చుట వంటిదే యిది.

నష్టము వచ్చు విధము

మిల్లువారు రామయ్య ధాన్యమునకు 40,000 రూపాయల ఆర్డరు చెక్కు వ్రాసి దళారి చేతికిచ్చిరనుకొందము. దళారి రామయ్య పేరు తానే వ్రాసి, చెక్కును తన వ్యాపార ఖాతాలో వేసెను. సంఘ బ్యాంకు పూచీ ముద్ర వేసి వసూలు చేసెను. దళారి సొమ్ము తీసికొని కొట్టు మూసివేసెను. అటుపిమ్మట రామయ్య వచ్చి తన సొమ్మడుగును.

85వ సెక్షను ప్రకారము, వెనుక వ్రాత పైకి సరిగా గన్పట్టి, సద్భావముతో క్రమముగా చెల్లించిన బ్యాంకునకు బాధ్యత తీరును. కావున రామయ్య వసూలుచేసిన బ్యాంకును పట్టును. 131వ సెక్షను దానికి రక్షణ నిచ్చును గాని, చెక్కు అడ్డగీతలు గలదై, బ్యాంకు సద్భావముతోను, అజాగ్రత్త లేకయు తన ఖాతాదారు కొఱకు వసూలు చేసినప్పుడు మాత్రమే. విచారింపక ముద్ర వేసినవారు జాగ్రత్త వహించితిమని రుజువు చేయుట దుర్లభము. చెల్లించిన బ్యాంకునకే నష్టము తగిలినచో, అది మన ముద్రను చూపి మనలనే యడుగును. దళారిపై డిక్రీ పొందవచ్చును. వానియొద్ద ఆస్తి లేనిచో ఆ డిక్రీ వట్టి కాగితము. అప్పుడు పోవునది సభ్యుల వాటాధనము.

1924లో ఇంగ్లండు న్యాయస్థానము అండర్‌వుడ్ కంపెనీ దావాలో నిట్టి తీర్పే చెప్పెను. కంపెనీ ఏకైక డైరెక్టరు కంపెనీ పేర వచ్చిన చెక్కులపై చేవ్రాలు చేసి తన సొంత ఖాతాలో వేసికొనెను. కంపెనీకి వేఱు ఖాతా కలదా యని బ్యాంకు విచారింపలేదు. కావున నష్టము బ్యాంకుపై బడెను.

నేడు చెక్కు కాగితమునకు మాఱుగా దాని ప్రతిబింబమే చెల్లించు బ్యాంకునకు బోవుచున్నది. పైకి కనబడు మోసమును, ఫోర్జరీని శ్రద్ధతో కనిపెట్టు విధి ఆ ప్రతిబింబముపై సొమ్ము పుచ్చుకొను బ్యాంకుదేయని చట్టమునకు 2002లో చేసిన సవరణ చెప్పుచున్నది.

ఆచరింపవలసిన నియమములు

1. రైతులు తమకు రావలసిన చెక్కులపై "అకౌంట్ పేయీ" అని అడ్డగీతలు వేయించుకొనవలెను. అట్టి చెక్కును పేరుగలవాని కొఱకు తప్ప వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. సహకార పరపతి సంఘ సభ్యుల పేర 50,000 రూపాయలకు మించని చెక్కులను మాత్రము, బ్యాంకు తన యిష్టముపై, ఆ సంఘపు ఖాతాకు వసూలు చేయవచ్చును.

2. కంపెనీ పేరి చెక్కును భాగస్వామి ఖాతాలో గాని గుమాస్తా ఖాతాలో గాని విచారింపక వేయరాదు.

3. పూచీ ముద్రను గుమాస్తా చేతికి విడువరాదు. ప్రతి చెక్కునకును కార్యదర్శి వేఱుగా అనుమతి వ్రాయవలెను. రాబోవు చెక్కులన్నిటికిని కలిపి యొకేసారి పూచీ యిచ్చుట కూడదు.

4. పూచీ తప్పనిచో, వర్తకునివద్ద నష్టపరిహార పత్రమును, దానికి తగిన ఆస్తి హామీని పుచ్చుకొనవలెను. ఎంతవఱకు పూచీ యుండవచ్చునో పంచాయతుదార్లు ముందుగా తీర్మానింపవలెను.

5. అనుమానమున్నచో చెక్కును త్రిప్పి యిచ్చి, క్రొత్త చెక్కు తెప్పించుకొనుమని చెప్పవలెను. వర్తకునికి రెండు దినములు ఆలస్యమగును. సంఘమునకు నష్టము తప్పును.

సంఘ సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

మన బ్యాంకులో పూచీ ముద్ర యెవరి స్వాధీనమున నున్నది? గడచిన సంవత్సరమున నెన్ని చెక్కులపై వేసితిమి? వానిలో నేదేని తప్పిపోయినచో, ఆ సొమ్మును ఏ నిధినుండి చెల్లింపగలము?