ఒళ్లు ఒకటే, మాటలు రెండు

మా ఇంట్లో తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి. ఒంటి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం రెండు భాషలదీ ఒకే పక్షపాతం. మామయ్యకు పొట్ట వస్తే "సుఖపడ్డ ఒళ్లు" అంటారు. అత్తకు అదే పొట్ట వస్తే "కాస్త చూసుకోవద్దా?" అంటారు. తమిళంలో 'గుండు' అన్న మాట మగపిల్లాడికి ముద్దుపేరు. ఆడపిల్లకైతే అదే మాట సంబంధాల దగ్గర అడ్డుపడుతుంది.

ఈ తేడా ఎందుకని ఆలోచిస్తే మన సామెతే ఒక దారి చూపిస్తుంది. "ఉద్యోగం పురుష లక్షణం" అన్నారు. అంటే మగవాడికి కొలత అతని పని. మనం చదివే ప్రబంధాల్లోనూ నాయకుడి పొడుగాటి చేతులు అతని పరాక్రమానికి గుర్తు. నాయికకు ఉందో లేదో తెలియనంత సన్నని నడుము ఉంటుంది. అది చూడటానికే, దానితో ఆమె చేసే పని ఏమీ కనిపించదు.

సినిమాలకు వద్దాం. 2015లో అనుష్క బరువు పెరిగి నటించిన సినిమాకు తెలుగులో 'సైజ్ జీరో' అని, తమిళంలో 'ఇంజి ఇడుప్పళగి' అని పేరు పెట్టారు. ఇడుప్పు అంటే నడుమే. అంటే రెండు పేర్లూ ఒంటి కొలతలే! 'బాహుబలి' కోసం ప్రభాస్ కూడా బరువు పెరిగారు. మా చుట్టాల్లో అది అంకితభావం. అనుష్క పేరు ఎత్తితే మాత్రం ఇప్పటికీ "మళ్లీ తగ్గిందా?" అనే అడుగుతారు.

రంగు సంగతీ ఇంతే. 'ఫెయిర్ అండ్ లవ్లీ' 1975లో వచ్చింది. మగవాళ్ల కోసం 'ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్' వచ్చేసరికి 2005 అయింది. ముప్పై ఏళ్లు ఆ భారం ఎక్కువగా మనమే మోశాం. 2020లో మొదటిదాని పేరు 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పెళ్లి ప్రకటనల్లో 'తెల్లని అమ్మాయి' మాత్రం ఇంకా పోలేదు.

మగపిల్లలకు బాధ లేదని కాదు. పొట్టివాడని, బట్టతల అని వాళ్లనూ ఏడిపిస్తారు, పైగా బాధపడితే "మగాడివి, దానికే ఏడుస్తావా?" అంటారు. కాకపోతే వాళ్ల లోపాన్ని మంచి జీతం కప్పేస్తుంది. మనకు డిగ్రీ, ఉద్యోగం రెండూ ఉన్నా నడుము లెక్క తప్పదు.

ఇది ఉత్త మాటల గొడవ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మగవాళ్లలో 25 శాతమే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ రక్తం చాలని వయసులో, లావవుతామన్న భయంతో పొద్దున టిఫిన్ మానేస్తే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. మన క్లాసులోనే ఎంతమంది అలా వస్తున్నారో మనకు తెలుసు.

అందుకే ఒక పని చేద్దాం. మీ ఇంట్లో ఆడవాళ్ల ఒంటికి, మగవాళ్ల ఒంటికి వాడే మాటలు రెండు వరసల్లో రాసి ఈ పత్రిక పక్కన అంటించండి. తెలుగైనా తమిళమైనా పర్వాలేదు. నెలాఖరుకు ఏ వరస పొడవైందో అందరం చూద్దాం. ఆలోగా టిఫిన్ మాత్రం తినే రండి.