నివురు గప్పిన నిప్పు

అగ్నికి మన పూర్వులు పెట్టిన పేర్లు పరిశీలింపదగినవి. పవిత్రం చేసేవాడు కనుక పావకుడు. నడిచిన దారిని నల్లగా మిగిల్చేవాడు కనుక కృష్ణవర్త్మ. ఆశ్రయమిచ్చిన దానినే భక్షించేవాడు కనుక ఆశ్రయాశుడు. అమరకోశంలోని ఈ పేర్లలో మొదటిది యజ్ఞవేదికకు తగినది. మహానగరంలో బహుళ అంతస్తుల భవనం దగ్ధమైనప్పుడు తక్కిన రెండు పేర్లే సార్థకమవుతాయి. మంటలు ఆరగానే ఆపద తొలగిందని జనులు భావించడం సహజం. కాని ఆ తరువాత మిగిలే శిథిలాల రాశి నివురు గప్పిన నిప్పు వంటిది. దానిని తొలగించడం మంటలను ఆర్పడం కంటె తక్కువ బాధ్యత కాదు.

సికింద్రాబాదులోని మారేడ్‌పల్లి ప్రశాంతమైన నివాస ప్రాంతం. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న వ్యాపార కేంద్రాలు ఒక్క ఏడాది కాలంలో నాలుగు ఘోర అగ్నిప్రమాదాలను చూచాయి. 2022 మార్చి 23న బోయిగూడలోని తుక్కు గోదాములో పదకొండు మంది బీహారు కార్మికులు మరణించారు. అదే ఏడాది సెప్టెంబరు 12న విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో చెలరేగిన మంటల పొగ పైనున్న హోటలును కమ్మివేయగా ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ సముదాయంలో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక అసువులు బాశారు.

శిథిలాల సమస్యను స్పష్టంగా చూపినది 2023 జనవరి 19న రామ్‌గోపాల్‌పేటలో జరిగిన డెక్కన్ భవన ప్రమాదం. దుస్తులు నిల్వ ఉన్న ఆ భవనంలో మంటలు గంటల తరబడి రగిలాయి. మరునాడు కూడా వేడి తగ్గక సిబ్బంది లోపలికి పోలేకపోయారు. గుజరాతు నుండి పొట్టకూటికి వచ్చిన ముగ్గురు కార్మికులు గల్లంతయ్యారు. రెండు రోజుల తరువాత మొదటి అంతస్తులో ఒకరి అస్థి అవశేషాలు మాత్రం లభించాయి. వరంగల్లు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నిపుణులు భవనాన్ని పరీక్షించారు. నగరపాలక సంస్థ భారీ యంత్రంతో కూల్చివేత చేపట్టింది. ఆ పని సాగుతుండగానే కొన్ని అంతస్తులు ఒక్కసారిగా కుప్పకూలాయి. మంటలకు లొంగిన కట్టడం ఎప్పుడు, ఎటు ఒరుగుతుందో చెప్పడం ఎంత కష్టమో దీనిని బట్టి గ్రహింపవచ్చు. సుమారు ఆరువందల డిగ్రీల వేడికి ఉక్కు తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. కాంక్రీటు పగిలి పెళుసుబారుతుంది.

కంటికి కనబడే ఈ అపాయం ఒక ఎత్తు, కనబడనిది మరొక ఎత్తు. నేటి భవనంలో కాలేది కట్టె మాత్రమే కాదు. విద్యుత్ తీగల పైతొడుగు కాలితే ఘాటైన ఆమ్లవాయువు, డయాక్సిన్ల వంటి విషపదార్థాలు పుడతాయి. ట్యూబులైట్లు పగిలితే పాదరసం, పాత రంగుల నుండి సీసం బూడిదలో కలుస్తాయి. ఆస్బెస్టాస్ రేకులు పగిలి సూక్ష్మమైన పోగులను వెదజల్లుతాయి. ఊపిరితిత్తులలో చేరిన ఆ పోగులు ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత కూడా క్యాన్సరుకు కారణం కాగలవు. మంటలార్పిన నీరు సైతం ఈ విషాలను మోసుకొని మురుగు కాలువలలోకి, అక్కడి నుండి చెరువులలోకి పోతుంది.

ఈ సత్యాన్ని ప్రపంచం గొప్ప మూల్యం చెల్లించి తెలుసుకొన్నది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట ఆకాశహర్మ్యాలు కూలిన తరువాత సుమారు పద్దెనిమిది లక్షల టన్నుల శిథిలాలను 2002 మే నెల వరకు తరలించారు. మానవ అవశేషాల కోసం వాటిని జల్లెడ పట్టారు. ఆ ధూళిని పీల్చిన వేలాది మంది శ్వాసకోశ వ్యాధుల పాలయ్యారు. వారి చికిత్స కోసం అమెరికా ప్రభుత్వం 2011 జనవరిలో ప్రత్యేక శాసనం చేయవలసి వచ్చింది. అనుభవం వ్యర్థం కాలేదు. 2019లో పారిస్‌లోని నోట్రడామ్ దేవాలయం కాలినప్పుడు, కరిగిన సీసం ధూళి నుండి కార్మికులకు రక్షణ చాలదని పనులను మూడు వారాలకు పైగా నిలిపివేశారు.

శిథిలాల తొలగింపునకు ఒక క్రమం ఉన్నది. మొదట విద్యుత్తు, వంటవాయువు సరఫరాలను నిలిపివేయాలి. నిపుణులు కట్టడం బలాన్ని పరీక్షించనిదే ఎవరినీ లోపలికి పంపరాదు. గల్లంతైన వారి అవశేషాలను వెదకి, సగౌరవంగా బంధువులకు అప్పగించాలి. తరువాత ప్రమాదకర వస్తువులను గుర్తించి వేరుచేయాలి. ధూళి లేవకుండ నీరు చిలకరిస్తూ, పట్టాలు కప్పిన వాహనాలలో తరలించాలి. భాగ్యనగరంలో కాంక్రీటు, ఇటుకల వ్యర్థాలను తిరిగి వినియోగానికి తెచ్చే కేంద్రాలు జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో ఏర్పడ్డాయి. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి భద్రపరచే కేంద్రం దుండిగల్‌లో నెలకొన్నది. రెండింటినీ కలిపి చెరువుగట్టున కుమ్మరించడం అపరాధం.

ఇంతకూ ఆ బూడిదను ఎత్తేది ఎవరు? దినకూలీలు. ఇనుప ముక్కలు ఏరుకొని అమ్ముకొనే నిరుపేదలు. ముక్కుకు చుట్టుకొన్న తువాలు ఆస్బెస్టాస్ పోగులను ఆపలేదు. తగిన శ్వాసకవచం, చేతితొడుగులు, పాదరక్షలు, పని ముగిశాక స్నానానికి నీరు, మార్చుకొనేందుకు దుస్తులు ఇవ్వడం దయ కాదు, ధర్మం. ధూళి నిండిన బట్టలతో ఇంటికి పోయిన తండ్రి తన బిడ్డను ఎత్తుకొన్నప్పుడు ఆ విషం బిడ్డను కూడ చేరుతుంది.

బోయిగూడలో, రామ్‌గోపాల్‌పేటలో అగ్నికి ఆహుతి అయినవారు పరస్థలం నుండి వచ్చిన శ్రమజీవులు. వారి బూడిదను ఎత్తేవారు కూడ శ్రమజీవులే. మొదటివారిని కాపాడుకోలేకపోయిన సమాజం రెండవవారినైనా కాపాడుకోవాలి. మంటలను ఆర్పడానికి జలం చాలు. నివురు గప్పిన నిప్పును ఆర్పడానికి వివేకం కావాలి.

ప్రశ్నలు

1. భవన శిథిలాలను ‘నివురు గప్పిన నిప్పు’ అని ఎందుకు అన్నారో వివరించండి.
2. శిథిలాల తొలగింపులో పాటింపవలసిన క్రమాన్ని తెలపండి.
3. ‘దయ కాదు, ధర్మం’ అనే మాటలోని అంతరార్థాన్ని చర్చించండి.