విరేచనాలలో నీళ్ళు ఆపవచ్చా?

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకోగానే కొన్ని ఇళ్ళలో నీళ్ళు, పాలు ఆపేస్తారు. తాగినకొద్దీ విరేచనాలు ఎక్కువవుతాయని వారి భయం. ఇది అపోహ. ఒంట్లోని నీరు, లవణాలు తరిగిపోవడమే బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ నిల్వలు అయిపోవచ్చాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగులకు తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి!

కారణమేమిటి? కలరా సోకినా పేగులు గ్లూకోజ్‌ను పీల్చుకోగలవు. గ్లూకోజ్ తనతోపాటు ఉప్పులోని సోడియంను లోనికి తీసుకుపోతుంది. వాటి వెంటే నీరూ పోతుంది. అందుకే ఒట్టి నీటికన్నా ఈ ద్రావణం మేలు.

తల్లులారా! ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద రాసిన కొలత ప్రకారం, కాచి చల్లార్చిన నీటిలో పొట్లమంతా కలపండి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇవ్వండి. 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, తలకొట్టి కొలవండి. ఉప్పు మించకూడదు. తల్లిపాలు, అలవాటైన ఆహారం మానిపించకండి.

కళ్ళు గుంటలు పడినా, మూత్రం ఆగినా, బిడ్డ మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సంతానం దేవుడు మనకు అప్పగించిన అమానతు. దుఆతోపాటు వైద్యం చేయించడమూ మన బాధ్యతే.