నరమా? రక్తనాళమా?

“ఇంజక్షను నరానికి చేశారు”, “చేతిమీద నరాలు తేలాయి” అని మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అంటుంటాం. నిజానికి చర్మం కింద నీలంగా కనిపించేవి నరాలు కావు, సిరలు. అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు. అసలు నరాలు వేరు. మిరపకాయల తొడిమలు తీసిన చేయి మండుతున్నదని మెదడుకు కబురు చేర్చేవీ, ఆ చేతిని కదిలించేవీ అవే.

పేరు కలిపేయడం పొరపాటే కాని, అవి ఇరుగుపొరుగులన్నది నిజం. కాలుసేతుల్లో ధమని, సిర, నరం చాలాచోట్ల పక్కపక్కనే సాగుతాయి. ఈ పొరుగే ఒక్కోసారి చికిత్సలో చిక్కు తెస్తుంది.

కొందరికి పుట్టుకతోనే ఒకచోట రక్తనాళాలు సరిగా రూపొందవు. అవి మెత్తని నీలి వాపుగా కనిపించవచ్చు. పసితనంలో వచ్చి తమంతట తామే తగ్గే ఎర్రని కంతులు వేరు, ఇవి వేరు అని 1982లో ములికెన్, గ్లోవాకీ అనే అమెరికా పరిశోధకులు విడదీసి చూపారు. ఇవి పిల్లలతో పాటే పెరుగుతాయి.

చికిత్సలో ఒక పద్ధతి, సూదితో ఆ నాళాల్లోకి ఆల్కహాలు వంటి మందు ఎక్కించడం. అది నాళపు లోపలి పొరను చంపుతుంది. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. కాని మందు బయటికి ఊరితే? గట్టుమీది గడ్డికి కొట్టిన కలుపుమందు గాలికి పక్క చేలోని మిరప మొక్కలపై పడినట్లే! నరం దెబ్బతిని చర్మం మొద్దుబారవచ్చు, వేళ్ళు లేవకపోవచ్చు. అందుకే వైద్యులు సూది మొనను తెరమీద చూసుకుంటూ, మందును కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. మత్తు దిగాక వేళ్ళు కదపమంటారు.

దెబ్బతిన్న నరం కోలుకుంటుందా? చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో నయమవుతుంది. కొందరికి లోపం మిగిలిపోతుంది. నరపు పోగు తిరిగి పెరగవలసి వస్తే, దాని వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే. మోచేతి నుంచి వేలికొనకు 30 సెంటీమీటర్లనుకుంటే, 300 రోజులు! తొలకరికి పత్తి విత్తితే, తీతలన్నీ ముగిసి ఎండాకాలం వచ్చేంత కాలం.

కనుక చికిత్స తరువాత కాలో చెయ్యో మొద్దుబారితే “అదే పోతుందిలే” అని ఊరుకోకూడదు. వెంటనే వైద్యునికి చెప్పాలి. మీ తరగతిలో ఎవరికైనా అలాంటి వాపు ఉంటే వేళాకోళం చేయకండి. అది అంటువ్యాధి కాదు.

చేసి చూడండి: మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, కొట్టుకునేది ధమని. ముంజేతిపై నీలంగా కనిపించేది సిర. మోచేతి లోపలివైపు ఎముక బొడిపె వెనుక మెల్లగా తట్టండి. చిటికెనవేలు జివ్వుమన్నదా? అదీ నరం!