కిటికీ దోమల మెష్ చిరిగిందా? ఇంట్లోనే బాగుచేసుకోండిలా!
(వానాకాలం జ్వరాల నివారణ – ప్రతి ఇంటికీ ఉపయోగపడే సమాచారం)

ఎందుకు ముఖ్యం?
డెంగీ దోమ పగటిపూటే ఎక్కువగా కుడుతుంది. రాత్రి కట్టుకునే దోమతెర పగలు మనల్ని కాపాడదు. పగలు పడుకునే పసిపిల్లలు, గర్భిణులు, మంచంలో ఉండే పెద్దవాళ్లకు కిటికీ మెష్షే అండ. దానికి వేలు పట్టేంత చిరుగు ఉన్నా దోమలు లోపలికి వచ్చేస్తాయి.

చిరుగు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?
పగటిపూట గదిలో లైటు ఆపి, వెలుతురు వచ్చే వైపు మెష్‌ను చూడండి. చిరుగులు తెల్లగా కనిపిస్తాయి. అంచులు, మూలలు వేలితో నొక్కి చూడండి. బాత్రూం వెంటిలేటర్ కూడా మర్చిపోవద్దు.

ముందు చేయాల్సింది
మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరనివ్వండి. దుమ్ము మీద ఏ గమ్మూ, ఏ టేపూ నిలవదు.

ఏ మెష్‌కు ఏం చేయాలి?

1. నైలాన్, ఫైబర్ మెష్: చొక్కాకు మాసిక వేసినట్టే. చిరుగు కంటే అన్ని వైపులా ఒక అంగుళం పెద్దగా అదే రకం మెష్ ముక్క కత్తిరించండి. చిరుగు మీద పెట్టి, నైలాన్ దారంతో చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టండి. గట్టిగా లాగితే మెష్ ముడతపడి పక్కన కొత్త చిరుగు వస్తుంది.

2. స్టీలు జాలీ: ముక్కను పెద్దగా కత్తిరించి, నాలుగు అంచుల్లో రెండు మూడు పోగులు ఊడదీయండి. మిగిలిన తీగ కొసల్ని జాలీ కన్నాల్లోంచి దూర్చి, వెనక వైపు మడవండి. తీగ కొసలు గుచ్చుకుంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి.

3. అంటించే టేపు మెష్ (వెల్క్రో): చాలాసార్లు మెష్ బాగానే ఉంటుంది, టేపు ఊడిపోయి ఉంటుంది. పాత గమ్ము గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక కొత్త టేపు అంటించండి.

4. అల్యూమినియం ఫ్రేము: మెష్ అంచు జారితే గాడిలోని రబ్బరు బీడింగ్ తీసి, మెష్ సరిచేసి, మళ్లీ నొక్కండి. రబ్బరు గట్టిపడి పగిలితే కొత్తది వేయండి.

మెష్ ముట్టుకుంటేనే పొడిలా రాలుతుంటే మాసికలు దండగ. మొత్తం మార్చుకోవడమే మంచిది.

జాగ్రత్త: పై అంతస్తు కిటికీ బయటికి వంగి పని చేయొద్దు. ఫ్రేము ఊడదీసి లోపలే బాగుచేయండి.

మెష్ ఒక్కటే చాలదు
డెంగీ దోమ ఎక్కువగా నిల్వ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. అవి దాదాపు వారం, పది రోజుల్లో దోమలవుతాయి. అందుకే శుక్రవారం ‘డ్రై డే’. డ్రమ్ములు, తొట్లు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు ఖాళీ చేసి, రుద్ది కడిగి, ఆరబెట్టండి.

జ్వరం వస్తే?
ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్ఎంకు గానీ చెప్పండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మలేరియా పరీక్ష, మందులు ఉచితం. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. సలహాకు 104.

గమనిక: ‘ఉచిత మెష్ ఇప్పిస్తాం’ అని ఎవరైనా ఫోన్ చేసి డబ్బు, ఆధార్, ఓటీపీ అడిగితే ఇవ్వకండి. మీ సచివాలయంలో గానీ పంచాయతీ కార్యాలయంలో గానీ అడిగి తెలుసుకోండి.

ఈ శుక్రవారం తొట్లు కడిగేటప్పుడే కిటికీలు కూడా ఒకసారి చూసేయండి. పక్కింటివాళ్లకూ చెప్పండి.